పార్కింగ్ రుసుము – వినియోగదారుల హక్కు

క్రీ.శ. 13వ శతాబ్దంలో ఆంధ్రదేశాన్ని పాలించిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. 1244వ సంవత్సరానికి చెందిన ఆ శాసనం అభయశాసనంగా ప్రసిద్ధి పొందింది. పూర్వపు రాజులు తుఫానుకు చెదరి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ అన్యాయాన్ని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకం ఎంతో రాతిపై చెక్కించాడు. చెల్లించవలసినది ఎంతో ముందుగానే తెలియాలి. అంతకుమించి అడిగే అధికారం ఎవరికీ ఉండరాదు. ఆ శాసనంలోని న్యాయసూత్రం ఇదే.

నేడు మనం ఓడలలో రేవుకు చేరడం లేదు. ద్విచక్ర వాహనంపైనో కారులోనో నగరంలోని వాణిజ్య సముదాయానికి వెళ్తున్నాం. అక్కడ వాహనం నిలిపినందుకు ఇరవై రూపాయలో ముప్పై రూపాయలో అడుగుతారు. ఎందుకని అడగం. అడగాలని తోచినా, ఇంత చిన్న మొత్తానికి తగవు ఎందుకని ఊరుకుంటాం. ఇచ్చేవాడికి అది చిన్న మొత్తమే. కానీ రోజుకు కొన్ని వందల వాహనాలు వచ్చే చోట, ఏడాది పొడవునా పోగయ్యే ధనం చిన్నది కాదు. ఎవరూ ప్రశ్నించరన్న ధీమాయే అక్రమ వసూళ్ళకు ఊపిరి.

వినియోగదారుడు ఎవరు?

ధర చెల్లించి వస్తువును కొన్నవాడు, ప్రతిఫలం ఇచ్చి సేవను పొందినవాడు వినియోగదారుడు. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన డిసెంబరు 24వ తేదీని జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉంది. వాహనం నిలపడానికి స్థలం ఇచ్చి రుసుము తీసుకోవడం కూడా ఒక సేవయే. కనుక రుసుము చెల్లించినవాడు వినియోగదారుడు; వసూలు చేసిన సంస్థ సేవాప్రదాత.

ఎటువంటి విషయాలపై ఫిర్యాదు చేయవచ్చునో చట్టం స్పష్టంగా చెప్పింది. చట్టం ద్వారా నిర్ణయించిన ధర కంటె ఎక్కువ తీసుకొన్నా, సంస్థ తాను ప్రదర్శించిన ధరల పట్టిక కంటె ఎక్కువ తీసుకొన్నా, ఇరువురూ అంగీకరించిన ధర కంటె ఎక్కువ తీసుకొన్నా అది ఫిర్యాదుకు తగిన కారణమే. సేవకు రసీదు ఇవ్వకపోవడాన్ని కూడా చట్టం అనుచిత వ్యాపార విధానాలలో చేర్చింది. మోటుపల్లి శిల చెప్పిన మాటనే నేటి చట్టం తన భాషలో చెప్పింది.

పార్కింగ్ విషయంలో నియమం

పార్కింగ్ రుసుము దేశమంతటా ఒకే విధంగా లేదు. వాణిజ్య భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడే వాహనాల కోసం కొంత స్థలం విడిచిపెట్టాలని నిర్మాణ నియమాలు నిర్దేశిస్తాయి. అలా విడిచిన స్థలంపై రుసుము తీసుకొనే హక్కు యజమానికి ఉన్నదా అనేది వివాదాంశమైంది. మాల్‌లు, మల్టీప్లెక్సులు పార్కింగ్ రుసుము వసూలు చేయరాదని గుజరాత్ హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. కేరళ హైకోర్టు 2025లో ఇందుకు భిన్నంగా, లైసెన్సు పొంది రుసుము తీసుకోవచ్చునని అభిప్రాయపడింది. కనుక ఫిర్యాదుకు ముందు మన ప్రాంతంలో అమలులో ఉన్న నియమం ఏమిటో తెలుసుకోవడం మొదటి కర్తవ్యం.

తెలంగాణ ప్రభుత్వం ఈ విషయంలో 2018 మార్చిలో 63వ నంబరు ఉత్తర్వు జారీ చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆ ఉత్తర్వు ప్రకారం మాల్‌లు, మల్టీప్లెక్సులు, ఇతర వాణిజ్య సముదాయాలలో మొదటి 30 నిమిషాలకు ఎవరినీ రుసుము అడగరాదు. 30 నిమిషాలు దాటి గంటలోపు అయితే, అక్కడ ఏదైనా కొన్నట్లు బిల్లు చూపినవారికి రుసుము లేదు. గంట దాటినప్పుడు బిల్లు మొత్తం పార్కింగ్ రుసుము కంటె ఎక్కువగా ఉంటే చెల్లించనక్కరలేదు. ఏమీ కొననివారు మాత్రం నిర్ణీత రుసుము ఇవ్వవలసి ఉంటుంది. ఒకే తెర గల సినిమాహాళ్ళకు 2021లో సడలింపు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025లో ఇదే తరహా నియమాన్ని తెచ్చింది.

ఒక ఉదాహరణ

ఒక విద్యార్థిని తండ్రితో కలిసి హైదరాబాదులోని ఒక వాణిజ్య సముదాయానికి వెళ్ళిందనుకొందాం. అక్కడి పుస్తకాల దుకాణంలో 240 రూపాయలకు ఒక నిఘంటువు కొన్నది. తిరిగి వచ్చేసరికి గంటా ఇరవై నిమిషాలు గడిచాయి. ద్వారం దగ్గర 30 రూపాయలు అడిగారు. బిల్లు చూపినా ఒప్పుకోలేదు. వెనుక వాహనాలు బారులు తీరాయి. తండ్రి డబ్బు చెల్లించి బయటకు వచ్చాడు.

చెల్లించినంత మాత్రాన హక్కు పోదు. ఆ స్థితిలో వారు పుచ్చుకోవలసినది రసీదు. లోపలికి వచ్చిన వేళ, బయటకు వెళ్ళిన వేళ ఉన్న పార్కింగ్ టికెట్టు, నిఘంటువు బిల్లు, రుసుముల పట్టికకు తీసిన ఛాయాచిత్రం, ఫోను ద్వారా చెల్లిస్తే దాని వివరం – ఇవన్నీ సాక్ష్యాలు. ద్వారం దగ్గర నిలిచిన ఉద్యోగితో కలహించడం వలన ప్రయోజనం లేదు. అతడు నెలజీతానికి పనిచేసేవాడు. రుసుము నిర్ణయించినది అతడు కాడు. మన వివాదం యాజమాన్యంతోనే.

పరిష్కార మార్గాలు

మొదట యాజమాన్యానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తేదీ, సమయం, చెల్లించిన మొత్తం, ఉల్లంఘించిన నియమం పేర్కొని, సొమ్ము తిరిగి ఇవ్వమని కోరాలి. నాలుగు వాక్యాల లేఖ చాలు. దానికి సమాధానం రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అనేక వివాదాలు ఈ దశలోనే రాజీతో ముగుస్తాయి.

అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సామాన్యుని దృష్టిలో ఉంచుకొని చట్టం ఇక్కడ కొన్ని సౌకర్యాలు కల్పించింది. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. న్యాయవాదిని నియమించుకొనవలసిన నిర్బంధం లేదు. సంస్థ ఎక్కడ ఉన్నా, ఫిర్యాదుదారుడు తాను నివసించే లేక పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 2025 నుండి ఈ-జాగృతి అనే వేదిక ద్వారా ఇంటి నుండే దాఖలు చేసే వీలు కలిగింది. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదుదారుడు మైనరు అయితే తల్లిదండ్రులు గాని చట్టబద్ధ సంరక్షకుడు గాని అతని పక్షాన దాఖలు చేయవచ్చు. కనుక జూనియర్ కళాశాల విద్యార్థికి కూడా ఈ ద్వారం తెరిచే ఉంది.

ఫిర్యాదు రుజువైతే సొమ్ము తిరిగి ఇవ్వమని, నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని, ఆ అనుచిత విధానాన్ని మానుకొమ్మని కమిషన్ ఆదేశించవచ్చు. ఎందరో నష్టపోయి, వారెవరో గుర్తించడం కష్టమైనప్పుడు, ఆ సేవల విలువలో 25 శాతానికి తగ్గని మొత్తాన్ని చెల్లించమని ఆజ్ఞాపించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఒక్కరు వేసిన ఫిర్యాదు, అడగలేక ఊరుకున్న వందలమంది పక్షాన నిలుస్తుందని దీని భావం.

టికెట్టు వెనుక షరతులు

టికెట్టు పోగొట్టుకొంటే పెద్ద మొత్తం జరిమానా అని కొన్నిచోట్ల రాసి ఉంటుంది. జరిమానా విధించే అధికారం చట్టం వలన రావాలి గాని బోర్డు వలన రాదు. ఒప్పందాన్ని ఉల్లంఘించినవాడు సమంజసమైన పరిహారం మాత్రమే ఇవ్వాలని 1872 నాటి ఒప్పందాల చట్టం చెబుతున్నది. కలిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను విధించే ఒప్పందాన్ని 2019 చట్టం అనుచిత ఒప్పందంగా పరిగణించింది. అటువంటి ఒప్పందాలపై ఫిర్యాదును రాష్ట్ర కమిషన్ విచారిస్తుంది.

‘వాహనం యజమాని బాధ్యతపై నిలుపబడును’ అనే వాక్యం కూడా మనకు పరిచితమే. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలులో సిబ్బందికి తాళం చెవి అప్పగించిన ఒక కారు చోరీకి గురైంది. టికెట్టుపై అటువంటి షరతు ఉన్నదని హోటలు వాదించింది. వాహనాన్ని తన స్వాధీనంలోకి తీసుకొన్న హోటలు, తన సిబ్బంది నిర్లక్ష్యానికి బాధ్యతను ఆ షరతు చాటున తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో తీర్పు చెప్పింది. ఆ సేవ ఉచితమని పేరే గాని, దాని ఖర్చు అతిథి చెల్లించే ఇతర ధరలలో ఇమిడి ఉంటుందని కూడా న్యాయస్థానం గుర్తించింది.

ముగింపు

హక్కును కోరేవాడు బాధ్యతను కూడా గుర్తించాలి. ఏమీ కొనకుండా గంటల తరబడి వాహనం నిలిపి, న్యాయమైన రుసుము ఎగవేయడం వినియోగదారుల చైతన్యం అనిపించుకోదు. ఇవ్వవలసినది సంతోషంగా ఇవ్వాలి. ఇవ్వనక్కరలేనిది అడిగినప్పుడు మర్యాదగా, ఆధారంతో ప్రశ్నించాలి.

గణపతిదేవుని కాలంలో రాజు దయతలచి శాసనం వేయించాడు. వర్తకులకు అభయం లభించింది. ప్రజాస్వామ్యంలో శాసనం చేసినవారు మన ప్రతినిధులే. అయితే రాతిపై చెక్కినా, కాగితంపై ముద్రించినా, చదివి అడిగేవాడు లేనినాడు ఏ శాసనమూ తనంతట తాను పలుకదు. ముప్పై రూపాయల రసీదును పారవేయకుండా భద్రపరచుకొన్న విద్యార్థిని, చట్టానికి ఆ మాట్లాడే నోటిని ఇచ్చినట్లే.