రంగు మారిన కారు, మారని మనిషి

"అయ్యగారూ, మావాడు ఆ కార్ల దొంగతనాల ఆట మానడం లేదు, కాస్త ప్రార్థన చేయండి!" సంఘ కాపరులుగా మేము తరచూ వినే మాట ఇది. ప్రార్థన తప్పక చేద్దాం. కానీ ఆ ఆటలో పిల్లవాణ్ని కట్టిపడేసినదేమిటో ముందుగా తెలుసుకోవద్దా?

స్కాట్లాండ్‌లోని డండీ నగరంలో డి.ఎం.ఎ. డిజైన్ అనే సంస్థ 1990వ దశకంలో ఒక వీడియో గేమ్ తయారుచేయబూనింది. పోలీసుగానైనా, దొంగగానైనా ఆడవచ్చన్నది వాళ్ల తొలి ఆలోచన. తీరా ఆట పూర్తయ్యేసరికి పోలీసు తప్పుకున్నాడు, దొంగే మిగిలాడు! అదే 1997లో 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' పేరుతో విడుదలైంది. 2013లో వచ్చిన దాని ఐదో గేమ్ మూడే రోజుల్లో వంద కోట్ల డాలర్ల అమ్మకాలు సాధించింది. ఇప్పటికి 20 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఇంతమందిని లాగుతున్న ఆటను 'చెడ్డది' అనే ఒక్కమాటతో కొట్టిపారేస్తే మన పిల్లలు మన మాట వినరు.

నిజం చెప్పాలంటే ఆ ఆకర్షణంతా నేరంలోనే లేదు. ఆ ఆటలో ఒక నగరమంతా తెరిచి ఉంటుంది. మయామీని పోలిన వైస్ సిటీ, లాస్ ఏంజెలిస్‌ను పోలిన లాస్ శాంటోస్. అప్పగించిన పని చేయకపోయినా అడిగేవారుండరు. రేడియోలో పాటలు వింటూ సముద్రం ఒడ్డున కారులో ఎంతసేపైనా తిరగవచ్చు. పొద్దున లేస్తే మార్కులు, ర్యాంకులు, నాన్న కోపం తప్ప మరేదీ ఎరుగని కుర్రాడికి అది స్వేచ్ఛలా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

అయితే ఆ స్వేచ్ఛ నేరం దగ్గరే ఎందుకంత రుచిగా ఉంటుంది? ఈ ప్రశ్న కంప్యూటర్ల కన్నా చాలా పాతది. నాలుగో శతాబ్దంలో ఆఫ్రికాలో పుట్టిన భక్తుడు అగస్టీన్, పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పొరుగువారి చెట్టు నుండి బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలితో కాదు. ఇంట్లో అంతకన్నా మంచి పండ్లే ఉన్నాయి. దొంగిలించినవాటిలో చాలామట్టుకు పందులకు వేశారు. తనకు నచ్చింది పండు కాదని, చేయకూడనిది చేయడమేనని, పక్కన స్నేహితులు లేకపోతే ఆ పని చేసేవాణ్ని కాదని పెద్దయ్యాక తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆదాము సంతానానికి నిషేధమే తీపి!

కానీ అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఈ ఆటలో నేరం చేసినవాడి కోసం పోలీసులు వేటాడుతుంటే తెర మీద నక్షత్రాలు పెరుగుతుంటాయి. పాత గేముల్లో అయితే వాళ్ల కంటపడకుండా ఒక షెడ్డులోకి కారు పోనిస్తే చాలు. కొద్దిపాటి డబ్బుకు కారు రంగు మారుతుంది, నక్షత్రాలు మాయమవుతాయి. చచ్చిపోతే? ఆస్పత్రి ముందు మళ్లీ లేచి నిలబడతాడు. మరి అతడు చంపినవాళ్లో? వీధి మలుపు తిరిగి వచ్చేసరికి శవాలే ఉండవు! వాళ్ల కోసం ఏడ్చే తల్లి ఆ నగరంలో ఒక్కతె కూడా కనబడదు.

బైబిలు చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కయీను పొలంలో తమ్ముణ్ని చంపి ఏమీ ఎరగనట్టున్నాడు. కానీ హేబెలు రక్తం నేలలోనుండి దేవునికి మొరపెట్టింది (ఆదికాండము 4). చంపబడినవాడు మాయమైపోయే నగరం దేవుని లోకంలో లేదు. జక్కయ్య కూడా రంగు మార్చుకుని బయటపడలేదు. యేసు తన ఇంట అడుగుపెట్టిన రోజున, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19). హిట్లర్‌ను ఎదిరించి 1945లో ఉరికంబమెక్కిన జర్మన్ పాస్టరు డైట్రిచ్ బాన్‌హోఫర్, మారుమనస్సు లేని క్షమాపణను 1937లోనే 'చౌకబారు కృప' అన్నాడు. ఆ షెడ్డులో అమ్మేది అదే!

ఆ ఆట కథకులకు కూడా ఇది తెలియకపోలేదు. 2008లో వచ్చిన నాలుగో గేములో నికో బెలిక్ అనే మాజీ సైనికుడు తన దళానికి ద్రోహం చేసినవాణ్ని వెదుకుతూ నగరానికి వస్తాడు. చివరికి దొరికినవాణ్ని చంపినా, విడిచిపెట్టినా అతడికి శాంతి దొరకదు. ముగింపులో డబ్బును కోరుకున్నా, పగను కోరుకున్నా అతడు ప్రేమించినవాళ్లలో ఒకరు పెళ్లినాడే హతమవుతారు. రంగులేసే షెడ్డు కడగలేని మరకలుంటాయని ఆ కథే ఒప్పుకుంటోంది.

ఈ ఆట ఆడిన ప్రతివాడూ దొంగ అవుతాడని చెప్పడం సత్యం కాదు. ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్లలో 'వైస్ సిటీ' ఆడిన కుర్రాళ్లు ఇవాళ బిడ్డల తండ్రులై బుద్ధిగానే బతుకుతున్నారు. కానీ అమెరికాలో 17 ఏళ్లు, ఐరోపాలో 18 ఏళ్లు నిండినవారికేనని ముద్రపడిన ఆటను పదేళ్లవాడి చేతికివ్వడం ప్రేమ కాదు. పెద్దపిల్లవాడైతే అరవకుండా ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. "నాన్నా, నువ్వు గుద్దేసి వెళ్లిన ఆ మనిషికి ఇల్లుందంటావా?" అని అడగండి. వంద గద్దింపులకన్నా ఆ ఒక్క ప్రశ్న వాడి మనసులో ఎక్కువకాలం ఉంటుంది.

కానీ ఆ ప్రశ్న అడిగే అర్హత మనకుండాలి. అప్పు ఎగ్గొట్టి మరో సంఘంలో చేరిపోవడం, తోడబుట్టినవాడి వాటా కాజేసి ఆదివారం తెల్లబట్టలతో ముందు వరుసలో కూర్చోవడం, ఇవి కారుకు రంగేయించడం కాక మరేమిటి? పిల్లలు తెర మీద చూసేది ఆట. ఇంట్లో చూసేది జీవితం. ఇంట్లో నేర్చినదాన్నే వాళ్లు తమ పిల్లలకు అందిస్తారు.

సిలువ దగ్గర దొరికే క్షమాపణ రంగు పూత కాదు. ప్రభువు దానికి తన ప్రాణంతో వెల చెల్లించాడు. దాన్ని నిజంగా పొందినవాడు ముందుగా తాను గాయపరచినవాడి తలుపు తడతాడు. మన పిల్లలు మనలో ఆ మనిషిని చూడాలి.