నీళ్ల రంగు చూసి గాలం వేయండి

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి కోతలు ముగిసి, మండీ లెక్కలు తేలాక రైతుకు కాస్త తీరిక దొరుకుతుంది. చెరువులో నీళ్లుంటే సాయంత్రం పూట వెదురు కర్ర పట్టుకుని కట్ట మీదికి నడిచేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఒకాయనకు గంటలో కూరకు సరిపడా చేపలు పడతాయి. పది అడుగుల దూరంలో కూర్చున్న ఇంకో ఆయనకు ఎర కరగడం తప్ప ఏమీ మిగలదు. ‘వాడిది చేతివాటం అబ్బా’ అని సరిపెట్టుకుంటారు. నిజానికి వేళ, లోతు, ఎర ఈ మూడూ కుదిరితే ఎవరికైనా చేప పడుతుంది. ఎప్పుడు గాలం వేయకూడదో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. అది తెలియకపోతే వచ్చే ఏడాది చెరువులో పట్టడానికి చేపే ఉండదు.

సామాను

చెరువు గాలానికి పది, పన్నెండు అడుగుల ఎండిన వెదురు చాలు. కొన సన్నగా, వంగేలా ఉండాలి. చేప గుంజినప్పుడు కర్ర వంగితేనే దారం తెగదు. పరిగెలు, జిలేబి చేపలకు 0.20 మిల్లీమీటర్ల నైలాన్ దారం, కిలో దాటే చేపలకు 0.35 నుంచి 0.40 దారం వాడాలి. గాలాల నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగెకు 12, జెల్లకు 6, కొర్రమీనుకు 2 నంబరు గాలం సరిపోతుంది.

పెద్ద చేప తప్పించుకుపోయిందంటే పది సార్లలో ఎనిమిది సార్లు తప్పు ముడిదే. దారం కొసను గాలం కంటిలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. తర్వాత కంటి దగ్గర ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొసను బయటికి తీయండి. ముడిని ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది.

బెండుకు జీలుగ ముక్క మేలు. పాత రబ్బరు చెప్పు ముక్కయినా పనికొస్తుంది. బెండు ముప్పాతిక భాగం నీళ్లలో మునిగేంత సీసం కట్టాలి. మరీ తేలిపోయే బెండయితే చేపకు బరువు తగిలి ఎర వదిలేస్తుంది.

ఏ చేప ఏ లోతులో

చెరువుల్లో పెంచే చేపలు ఒక్కొక్కటి ఒక్కో లోతులో మేస్తాయి. బొచ్చె పైనీళ్లలో, శీలావతి నడుమ, ఎర్రమోసు, బంగారుతీగ అడుగున తిరుగుతాయి. కాబట్టి ఎర అడుగున పెట్టి బొచ్చె కోసం కాచుకుంటే పొద్దు గడుస్తుందే గాని చేప పడదు. ముందు గాలానికి సీసం ఎక్కువ కట్టి వదిలి, లోతు కొలుచుకోండి. తర్వాత బెండును కోరిన ఎత్తుకు జరుపుకోవచ్చు.

వేరుశనగ చెక్క పొడి, తవుడు, కొద్దిగా గోధుమ పిండి కలిపి గట్టిగా పిసికిన ఉండ ఈ చేపలకు మంచి ఎర. చల్లారిన రాగి సంగటి ముద్ద కూడా గాలానికి బాగా అతుక్కుంటుంది. జెల్ల, మార్పులకు వానపామును మించింది లేదు. మామిడి తోపులో పాత ఎరువు దిబ్బ పక్కన తడి నేల తవ్వితే కావలసినన్ని దొరుకుతాయి. కొర్రమీను వేటాడే చేప. దానికి చిన్న పరిగెను గుచ్చి తుంగ, తామరాకుల అంచున వదలాలి. బెండు మునిగిన వెంటనే గుంజకుండా, అది ఎర మింగేదాకా నిదానించాలి.

వేళ

‘తెల్లారకముందే గాలం వేస్తే చేప పడతాది’ అని పెద్దలు అంటారు. గాలి ఆడే పెద్ద చెరువుల్లో ఇది నిజమే. వేసవిలో నీళ్లు తగ్గి పచ్చగా పాచి పట్టిన కుంటల్లో మాత్రం ఈ మాట చెల్లదు. పగలు నాచు ప్రాణవాయువును వదులుతుంది. రాత్రంతా అదే నాచు దాన్ని వాడుకుంటుంది. అందుకే నీళ్లలో ప్రాణవాయువు పొద్దు పొడిచే ముందే బాగా తక్కువగా ఉంటుంది. అప్పుడు చేప నోరు పైకి పెట్టి ఊపిరికి తన్నుకులాడుతూ ఉంటుంది గాని మేత ముట్టదు. అలాంటి నీళ్లలో సాయంత్రం నాలుగు దాటాక గాలం వేయండి.

వానలకు కొత్త నీరు దిగితే చెరువు ఎర్రగా మారుతుంది. ఆ బురదలో చేపకు కన్ను కనబడదు, వాసనే దారి. అప్పుడు వానపాము ఎర వేసి జెల్లలకు ప్రయత్నించాలి. వారం పది రోజులకు నీరు తేరుకున్నాక పిండి ఉండలు పని చేస్తాయి. చలికాలం పొద్దున చేప మందంగా ఉంటుంది. ఎండ కాసి నీళ్లు కాస్త వేడెక్కాక, తొమ్మిది పది గంటల వేళ వెళితే చాలు.

మొరవ పారేటప్పుడు ఆగండి

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మొరవ పారితే ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. కొత్త నీటి వాసన తగలగానే చేప ఎదురెక్కుతుంది. మోకాటి లోతు వంకలో, కడుపు నిండా గుడ్లతో వచ్చే చేపలను బుట్టలతో, దోమతెరలతో ఎత్తుకోవడం సులువు. 2021 నవంబరు వానలకు జిల్లాలో చెరువులు నిండి పారినప్పుడు వంకల పొడవునా ఈ తిరునాళ్లే. ఆ రెండు రోజులు పండగలాగే ఉంటుంది. అయితే గుడ్డుతో ఉన్న ఒక్క తల్లి చేపను పట్టామంటే వేల పిల్లలను పట్టినట్టే లెక్క. ఎవరూ పిల్లలు వదలని చిన్న కుంటల్లో పరిగె, జెల్ల, కొర్రమీను నిలవడానికి ఆ ఎదురెక్కే నాలుగు రోజులే ఆధారం. జూలై, ఆగస్టు నెలల్లో జలాశయాల్లో వేట ఆపించేది కూడా ఇందుకే.

కొర్రమీను విషయంలో ఇంకో మాట. నీటి పైన ఎర్రటి చేపపిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టు. గాలం వేస్తే కోపంతో వెంటనే పట్టుకుంటాయి. కానీ ఆ జంటను లాగేస్తే గంటలో పిల్లలన్నీ ఇతర చేపలకు మేత అవుతాయి. ఆ చోటు వదిలి పక్కకు వెళ్లండి.

జిలేబి చేపను మాత్రం ఎంతయినా పట్టుకోవచ్చు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప గుంపులుగా పెరిగి మన చేపల మేత తినేస్తోంది. నిషేధించిన ఆఫ్రికా మార్పు గాలానికి పడితే దాన్ని తిరిగి నీళ్లలో వదలకండి.

చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, వేలం పాడుకున్నవారికో ఉంటుంది. వాళ్లు డబ్బు పెట్టి పిల్లలు వదిలి ఉంటారు. ముందుగా అడిగి, ఒప్పుకుంటేనే గాలం వేయాలి.

సముద్రం ఒడ్డున

చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. అయినా సెలవు దొరికితే మన పిల్లకాయలు వాకాడు మండలం తూపిలిపాలెం, నెల్లూరు పక్కన మైపాడు తీరాలకు వెళ్తున్నారు. అక్కడ చెరువు సామాను పనికిరాదు. పన్నెండు అడుగుల ఫైబర్ కర్ర, రీలు, ఎనభై నుంచి నూట ఇరవై గ్రాముల సీసం కావాలి. ఎరగా పచ్చి రొయ్య వాడాలి.

అక్కడ పోటును బట్టి వేళ చూసుకోవాలి. పోటు నిండడానికి రెండు గంటల ముందు మొదలుపెట్టి, నిండాక ఒక గంట దాకా చేప ఒడ్డుకు దగ్గరగా మేస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. ఇసుక తిప్పకూ ఒడ్డుకూ నడుమ ఉన్న లోతైన పాయలో చేప తిరుగుతుంది. అల విరగకుండా నీరు నల్లగా కనిపించే చోటు అదే. ఎర అక్కడ పడాలి. అయితే నీళ్లను లోపలికి లాగే ప్రవాహం కూడా అలాంటి చోటే ఉంటుంది. కాబట్టి ఒడ్డునుంచే విసరండి, నడుం లోతుకు దిగకండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాను, పెద్ద అలల హెచ్చరికలు చూసుకునే బయలుదేరాలి.

ప్రాణం ముందు, చేప తర్వాత

చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు నీళ్లు నిండాక కనిపించవు. పడిన గాలం విడిపించడానికని నీళ్లలోకి దిగవద్దు. దారం తెగితే తెగనీయండి. కట్ట మీద, బోర్ల దగ్గర కరెంటు తీగలు వేలాడుతుంటాయి. తడి వెదురైనా, కార్బన్ కర్రయినా తీగకు తగిలితే ప్రాణం పోతుంది. కరెంటుతో చేపలు పట్టేవారి పక్కన కూడా నిలబడకండి. మందుగుండు, విషంతో చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం కిందే నేరం.

కౌండిన్య అడవి అంచున ఉన్న చెరువులకు పొద్దుగూకితే ఏనుగులు నీళ్లకు వస్తాయి. వెలుతురు ఉండగానే కర్ర చుట్టేయండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేతిని అరగంటకు పైగా ఉంచితే పోటు తగ్గుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపలే విరిగినా ఆసుపత్రికి వెళ్లాలి. తెగిన నైలాన్ దారం కట్ట మీద పారేయకండి. కొంగల కాళ్లకు, దూడల గిట్టలకు చుట్టుకుంటుంది.

కూరకు సరిపడా పడగానే లేచి రండి. పచ్చి మామిడికాయ ముక్కలు వేసి కాచిన పులుసుకు నాలుగు చేపలు చాలు. మిగిలినవి చెరువులోనే ఉంటే వచ్చే వానకు అవే ఎదురెక్కుతాయి.