పసుపు లివర్‌ని కాపాడుతుందా? నా ప్యాకెట్ మీద ఆ మాట ఎందుకు లేదంటే

పై వీడియోలో పసుపు కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం చూశారు కదా. పోయిన నెల ఒక డీలర్ వచ్చి, "తమ్మీ, ప్యాకెట్ మీద 'నానో విషాల నుంచి లివర్‌కు రక్షణ' అని ఎయ్యి, రెండు క్వింటాళ్లు నేనే తీసుకుంటా" అన్నాడు. ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. కూర్చుని లెక్క చూశాను.

ఆ మాట పూర్తిగా గాలి మాట కాదండి. నానో రేణువులంటే 100 నానోమీటర్ల లోపువి. సన్‌స్క్రీన్‌లలో, పెయింట్లలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రేణువులు వాడతారు. ఇలాంటివి రక్తంలోకి చేరితే ఎక్కువ భాగం లివర్‌లోనే ఆగుతాయి, వడపోసేది అదే కాబట్టి. అక్కడ ఫ్రీ రాడికల్స్ పుట్టి లివర్ కణాల పొరల్లోని కొవ్వును పాడుచేస్తాయి, పాత నూనె ముక్కిపోయినట్టు. దీన్ని ఆపడానికి లివర్ దగ్గర గ్లూటథయోన్ అని సొంత సరుకు ఉంటుంది. అది అయిపోతే కణాలు దెబ్బతిని ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ రక్తంలోకి కారతాయి. మనం ల్యాబ్‌లో చూపించుకునేది ఆ అంకెలే.

ఎలుకలకు ఈ రేణువులు ఇచ్చి, తోడుగా పసుపులోని కర్‌క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్ లాంటివి ఇస్తే ఆ అంకెలు తగ్గినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. అసలు కథ మోతాదులో ఉంది. ఎలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చారనుకోండి. మనిషికి మార్చే లెక్క ప్రకారం 60 కిలోల వాళ్లకు దాదాపు ఒక గ్రాము. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే. అంటే రోజుకు 30 గ్రాములకు పైనే పొడి తినాలి! కూరలో మనం వేసేది చిటికెడు.

మరి క్యాప్సూల్స్? మిరియాల్లోని పైపరిన్ కలిపితే కర్‌క్యుమిన్ ఒంటికి బాగా పడుతుందని 1998లోనే తేలింది. కానీ అలా గాఢంగా చేసిన క్యాప్సూల్స్ మింగి లివర్ వాచినవాళ్లు ఉన్నారు, 2019లో ఇటలీలో అలాంటి కేసులు వరసగా బయటపడ్డాయి. కాపాడుతుందన్నదే కొందరికి దెబ్బ కొట్టింది.

నాకు భయం ఇంకోటి. కామెర్లు వచ్చినవాళ్లు నా ప్యాకెట్ నమ్మి డాక్టర్ దగ్గరికి పోవడం ఆలస్యం చేస్తే? స్ప్రే చేసేవాళ్లు పసుపు పాలు తాగుతున్నాం కదా అని మాస్కు తీసేస్తే? రేణువు లోపలికి పోకుండా ఆపేది మాస్కు, గ్లవ్స్, గాలివాటం చూసుకుని కొట్టడం. పసుపు కాదు.

డీలర్‌కు కుదరదని చెప్పేశాను. ఆ రెండు క్వింటాళ్లు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయండి. కూరలోకి కావాలంటే చెప్పండి, పంపిస్తాను.