వడ్డాణం అద్దెది... పుస్తెలు సొంతం

పెళ్లికూతురు నడుముకున్న వడ్డాణం అద్దెదని తెలిస్తే ఒకప్పుడు వియ్యాలవారి బంతిలో గుసగుసలు లేచేవి. ఇప్పుడు చెయ్యి కడుక్కుంటూనే ఏ కొట్టులో తెచ్చారని అడుగుతున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మధ్యతరగతి ఇళ్లలో పెళ్లి పద్దు రాసేటప్పుడు కొనాల్సినవి ఒక పక్క, అద్దెకు తెచ్చేవి ఇంకో పక్క, పాతవైనా ఫర్వాలేదనుకున్నవి మరో పక్క రాసుకుంటున్నారు.

తెనాలికి ఇదేమంత కొత్త విద్య కాదు. నాటకాల ఊరది. రాయబారం ఆడే కృష్ణుడు కిరీటం చేయించుకుని బీరువాలో దాచుకోడు, ఆ రాత్రికి తెచ్చుకుంటాడు. పద్యం బాగుంటే కిరీటం ఎవరిదని అడిగినవాళ్లు లేరు.

ఆడంబరం లేని పెళ్లికి కూడా ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) తెనాలిలో సూతాశ్రమం పేరుతో ఇల్లు కట్టుకుని ఉన్నారు, మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. పెళ్లి తంతు తెలుగులో జరగాలని ‘వివాహవిధి’ రాశారు, తానే నిలబడి పెళ్లిళ్లు చేయించారు. ఆ తరవాత హేతువాది ఆవుల గోపాలకృష్ణమూర్తి అదే దారి పట్టారు. వాళ్ల పోట్లాట పౌరోహిత్యంతోనే గానీ ఖర్చుతో కాదు. అయినా రెండు దండలు, నలుగురు పెద్దలు, ఒక ఉపన్యాసంతో పెళ్లి అయిపోతుందని ఈ ప్రాంతం కళ్లారా చూసింది.

అంత దూరం వెళ్లలేనివాళ్ల సంగతే ఇది. మధుపర్కాలు, పుస్తెలు, మెట్టెలు, బాసికాలు కొత్తవే ఉండాలి. వీటి దగ్గర బేరం వద్దు, ఏ ముత్తైదువా ఒప్పుకోదు కూడా. మిగిలినవాటి దగ్గరే మన మొహమాటం చిత్రంగా ఉంటుంది. అమ్మమ్మ పట్టుచీర కడితే వారసత్వం, అదే చీర పరాయివాళ్ల బీరువాలోంచి వస్తే పాతబట్ట!

పాత పట్టుచీర కొనేటప్పుడు అంచు చూసి మురిసిపోకూడదు. మడత విప్పి, వెలుతురుకు ఎత్తి చూడాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు సరిగ్గా ఆ గీత వెంబడే చిట్లుతుంది. లోపల కుచ్చిళ్లలోకి పోయే చోట చిట్లితే సర్దుకోవచ్చు, పమిటలో అయితే వదిలేయండి. అసలు జరీ పోగు గీకితే లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తుంది. అందులో వెండి ఉంటుంది కాబట్టే ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వీధుల్లో తిరిగేవాళ్లకు అంత ఆసక్తి. మగ్గం వర్క్ జాకెట్టు మాత్రం అద్దెకు తెచ్చుకోవడమే తెలివి. కుట్టు లోపల గుడ్డ ఎంత వదిలారో ముందే చూసుకుంటే చాలు.

సారె సామాను దగ్గర ఇంకో చిక్కు. పాత ఇత్తడి బిందె తూకం లెక్కన దొరుకుతుంది. ఇప్పటి పల్చటి రేకు బిందెల కన్నా అది గట్టిది, చింతపండు వేసి తోమితే మెరిసిపోతుంది. కానీ దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టి ఉంటుంది. ఏ మేనమామో పెళ్లి కానుకగా ఇచ్చిన తేదీతో సహా! చాలామంది అక్కడే ఆగిపోతారు. నన్నడిగితే ఆ పేరు చెరపనక్కర్లేదు, పక్కనే ఇంకో పేరు కొట్టించుకునే చోటుంటుంది. అయితే ఆ బిందెలో నీళ్లు పోస్తే సరే, పులుపు వండే ఇత్తడి గిన్నెకు మాత్రం కళాయి పోయించాల్సిందే.

గిల్టు నగలకు రేపల్లెవాళ్లు మహా అదృష్టవంతులు. పెనుమూడి–పులిగడ్డ వారధి మీదుగా కృష్ణ దాటితే బందరు దారే, అక్కడ చిలకలపూడి ఉండనే ఉంది. బాపట్లవాళ్లకు చీరల కోసం చీరాల పక్కనే. ఇంట్లో ఉన్న పాత బంగారం మార్చేవాళ్లు మాత్రం రాళ్లు, లక్క తీసేసి తూచేటప్పుడు ఎదురుగా కూర్చోవాలి. తరుగు, మజూరీ ఎంతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొట్టులో అమ్మే హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ ఉండాలి, బదులుగా తీసుకునే నగ మీద అది చూసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ఇన్ని చేసినా పద్దులో పెద్ద అంకె భోజనాలదే. దానికి సెకండ్‌హ్యాండ్ ఉండదు, పిలుపులు తగ్గించుకోవడమొక్కటే మార్గం. మండపం అలంకరణ విషయంలో మాత్రం ఒక ఉపాయం ఉంది. ముహూర్తాల రోజుల్లో అదే హాల్లో ముందు రాత్రి ఎవరిదో పెళ్లి ఉంటుంది. ఆ ఇంటివాళ్లతో మాట్లాడుకుంటే పందిరి, తెరలు విప్పకుండా ఉంచి ఖర్చు చెరిసగం చేసుకోవచ్చు. అడగడానికే సిగ్గు. గుళ్లో పెళ్లయితే ఆ గొడవే లేదు.

అద్దెకు తెచ్చినవాటికి అడ్వాన్సు కట్టే ఉంటారు. కొట్టువాడు తిరిగి తీసుకునేటప్పుడు రాయి రాయీ లెక్కపెడతాడు. తెచ్చిన రోజే అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. అప్పగింతల ఏడుపుల్లో వడ్డాణం ఏ సూట్‌కేసులోకి పోయిందో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి కళ్లు తుడుచుకోకుండా నగలు ఏరుకునే మనిషిని ఒకరిని ముందే మాట్లాడి ఉంచాలి. మేనత్త అయితే మరీ మంచిది, ఆవిడకు ఎలాగూ ప్రతి నగా ఎంతదో తెలుసు.