డైటింగ్ ఆపగానే బరువెందుకు తిరిగొస్తుంది?

విద్యార్థులారా, ఇది మీరూ చదవండి.

మన పొన్నైలోనూ ఇప్పుడు డైటింగ్ మాట బాగా వినబడుతోంది. అన్నం మానేసిన అమ్మలున్నారు, పొద్దుటి ఇడ్లీ వదిలేసి బడికొచ్చే పిల్లలూ ఉన్నారు. కొన్నాళ్ళకు తగ్గిన బరువు తిరిగొస్తే, "నోరు కట్టుకోలేకపోయింది" అని పక్కవాళ్ళు అనేస్తారు. అది సగం మాటే. మిగతా సగం ఒంట్లో జరిగే పని.

మొదటి వారం తగ్గేది చాలావరకు నీళ్ళే. మనం తిన్న అన్నం, సంగటిలో కొంత భాగం కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు 3 గ్రాముల నీరు కలిసి ఉంటుంది. తిండి తగ్గించగానే ఆ నిలవ కరిగి నీళ్ళు పోతాయి. మళ్ళీ అన్నం తింటే ఆ బరువు వచ్చేస్తుంది.

రెండోది, డైటింగుకూ కరువుకూ తేడా మన ఒంటికి తెలియదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు సుమారు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశారు. బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతోపాటు ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టడమూ తగ్గించేసింది. వాళ్ళకు రోజంతా తిండి ధ్యాసే. తరువాత కడుపునిండా పెట్టినా చాలామందికి ఆకలి తీరలేదు.

మూడోది హార్మోన్లు. "ఇక చాలు" అని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ పెరుగుతుంది. 2011లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, డైటింగ్ చేసి ఏడాది గడిచినా ఈ మార్పు పోలేదు.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ తెలుగు రాష్ట్రాల్లో ఎంత పేరు పొందిందో మీకు గుర్తుండే ఉంటుంది. అన్నం మాని, కొబ్బరినూనె, నిమ్మకాయలతో గడిపే పద్ధతి అది. అలా తగ్గినవాళ్ళున్నారు. కానీ ఇంట్లో అందరూ అన్నం తింటుంటే, పొంగలి పండక్కీ పెళ్ళిళ్ళకూ మనమొక్కరమే ఎన్నేళ్ళు విడిగా ఉండగలం? డైటుకు ఆఖరి రోజు ఉంటే, తగ్గిన బరువుకూ ఆఖరి రోజు ఉంటుంది.

మరి ఏం చెయ్యాలి? బతికినన్నాళ్ళూ చెయ్యగలిగిందే చెయ్యండి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అన్నం కొంచెం తగ్గించి పప్పు, ఉలవలు, గుడ్డు పెంచండి. టీలో చక్కెర, సాయంత్రం బజ్జీలు తగ్గించండి. రోజూ నడవండి, వేళకు నిద్రపోండి. మెల్లగా తగ్గినా పరవాలేదు. బరువులో నూటికి ఐదు వంతులు తగ్గి అలాగే నిలిచినా షుగరుకూ, బీపీకీ మేలే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ఏ డైటూ మొదలుపెట్టవద్దు.

పిల్లల సంగతి వేరు. ఎదిగే వయసులో పస్తులు పనికిరావు. ఎముక, రక్తం, చదువు మూడూ దెబ్బతింటాయి. "లావు" అని ఇంట్లోగానీ తరగతిలోగానీ ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు. బరువు గురించి దిగులుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. పొద్దున ఏదైనా తినిపించే బిడ్డను బడికి పంపండి.

- ప్రధానోపాధ్యాయులు