మీది ఏ ఊరు? ఇంగ్లిష్‌లో సరిగ్గా చెప్పండి!

ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే పేరు తర్వాత మీరు చెప్పేది ఊరే. అక్కడ ‘ఐ యామ్ ఫ్రమ్ ది రాయలసీమ’ అన్నారంటే మొదటి వాక్యంలోనే తప్పు దొర్లినట్టు. ‘మన ఊరి పేరే కదా, అందులో నేర్చుకోడానికి ఏముంది?’ అనుకుంటాం. ఉంది! తిరుపతి, చిత్తూరు అభ్యర్థులు ముఖ్యంగా చూసుకోవాల్సినవి ఇవీ.

‘ది’ ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లిష్‌లో ఊళ్లు, ప్రాంతాల పేర్ల ముందు మామూలుగా ‘ది’ రాదు. ఫ్రెంచివాళ్లు తమ భాషలో నార్మండీ ముందు ‘లా’ అనే ఆర్టికల్ పెడతారు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది పోయి ఒట్టి ‘నార్మండీ’ మిగులుతుంది. పేరు చివర వ్యాలీ, రీజియన్ లాంటి మాట చేరితే మాత్రం ‘ది’ వస్తుంది. ‘ది ల్వార్ వ్యాలీ’ అనేది అందుకే. మనదీ అంతే. ‘ఫ్రమ్ రాయలసీమ’ కరెక్ట్. ‘ఫ్రమ్ ది రాయలసీమ రీజియన్’ కూడా కరెక్టే. జిల్లాకైతే ‘ది’ అక్కర్లేదు, ‘ఇన్ చిత్తూర్ డిస్ట్రిక్ట్’ అంటే చాలు.

నార్మండీకి ‘నార్మన్’, బ్రిటనీకి ‘బ్రెటన్’ అనే విశేషణాలున్నాయి కదా అని ‘రాయలసీమన్’ అంటూ కొత్త మాట పుట్టించకండి. ‘పీపుల్ ఫ్రమ్ రాయలసీమ’, ‘రాయలసీమ ఫుడ్’ అంటే సరిపోతుంది. ‘సీమ’ అని పొట్టిగా అనడం మనలో మనకే. బయటివాళ్లకు మొదటిసారి పూర్తి పేరే చెప్పాలి.

స్పెల్లింగ్ చూసుకోండి

రాయలసీమకు ఇంగ్లిష్‌లో 11 అక్షరాలు. ‘ఎల్’ తర్వాత ‘ఏ’ మింగేసి రాసేవాళ్లు చాలామంది. తిరుపతికి 8 అక్షరాలు, చివర్లో ‘టి’ పక్కన ‘హెచ్’ లేదు. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐసర్ పేర్లలోనూ ఇదే స్పెల్లింగ్. మీ సర్టిఫికెట్‌లో ‘హెచ్’తో ఉంటే? రెజ్యూమెలో మామూలు స్పెల్లింగే రాయండి. సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలను నింపమన్న చోట మాత్రం అందులో ఉన్నది ఉన్నట్టు దించండి.

చిత్తూరు పక్కన ‘ఆంధ్రప్రదేశ్’ తప్పనిసరి. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో ఒక చిత్తూరు ఉంది. ఉత్తరాదివాళ్లకైతే ఆ పేరు వినగానే రాజస్థాన్ చిత్తోడ్‌గఢ్ గుర్తొస్తుంది.

ఊరు, జిల్లా, ప్రాంతం వేర్వేరు

తిరుమల కొండ మీద, తిరుపతి కొండ కింద. మీ ఇల్లు తిరుపతిలో ఉంటే ‘తిరుమల’ అనకండి.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు తిరుపతిలో పుట్టినవాళ్లందరి పుట్టుక చిత్తూరు జిల్లాలోనే. మదనపల్లె అప్పుడే చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినంత మాత్రాన కోస్తా ఊరు రాయలసీమ అయిపోదు.

అప్లికేషన్‌లో పుట్టిన స్థలం అడిగితే బర్త్ సర్టిఫికెట్ చూసి రాయండి. ప్రస్తుత చిరునామా అడిగితే ఇప్పటి జిల్లా రాయండి. రెండు చోట్లా రెండు జిల్లాలు కనిపించాయని కంగారు పడొద్దు. వెరిఫికేషన్‌లో అడిగితే ‘2022లో జిల్లాలు పునర్‌వ్యవస్థీకరించారు’ అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు.

‘సీడెడ్’ అనొచ్చా?

సినిమా కలెక్షన్ల వార్తల్లో రాయలసీమను ‘సీడెడ్’ అంటారు. అది సినిమా వ్యాపారంలో మిగిలిపోయిన పాత మాట. 1800లో నిజాం ఈ ప్రాంతాలను ఇంగ్లిష్ వాళ్లకు వదులుకోవడంతో వాటికి ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’, తెలుగులో ‘దత్త మండలాలు’ అనే పేరు పడింది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అన్న ఆ పేరు బదులు ‘రాయలసీమ’ అనే పేరును 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు.

ఇంకో సంగతి. తిరుపతి, చిత్తూరు అసలు 1800లో ఇచ్చిన ప్రాంతంలో లేనే లేవు. అవి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కాబట్టి ఇంటర్వ్యూలో ‘సీడెడ్’ వద్దు. వినేవాళ్లు విత్తనాల గురించి అనుకున్నా అనుకుంటారు!

పాత పేరు, కొత్త పేరు

ఊరి పేరు ఇంగ్లిష్‌లో ఎలా ఉండాలన్నది కాలంతో మారుతుంది. ఇంగ్లిష్ వాళ్ల ‘కడ్డప్పా’ 2005లో అధికారికంగా ‘కడప’ అయింది. అయినా నాపరాయి వ్యాపారంలో ‘కడ్డప్పా స్టోన్’ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ. ‘బర్గండీ’ అన్న ఇంగ్లిష్ పేరు బదులు తమ ‘బుర్గోన్య్’ అనే పేరే వాడాలని అక్కడి వైన్ సంఘం కోరుతోంది. మీరు మాత్రం ఊరికి ఇప్పటి అధికారిక పేరు, సరుకుకు మార్కెట్‌లో నడిచే పేరు వాడండి.

తర్వాతి ప్రశ్నకు సిద్ధమా?

రాయలసీమ అనగానే ‘ఫ్యాక్షన్ సినిమాల్లో చూపించేదేనా?’ అని నవ్వుతూ అడిగేవాళ్లు ఉంటారు. కోపం తెచ్చుకోవద్దు, తలదించుకోవద్దు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీకాళహస్తి కలంకారీ, మదనపల్లె టమాటా మార్కెట్.. వీటిలో మీకు బాగా తెలిసిన ఒకదాని గురించి రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో సిద్ధం చేసుకోండి. సినిమా మీదికి పోయిన సంభాషణ మీ మీదికి తిరిగొస్తుంది.

ఈ రోజే ఒక పని చేయండి. మీ రెజ్యూమె, పదో తరగతి మెమో, బర్త్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి, ఊరి పేరు, జిల్లా పేరు ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక చూసుకుంటే దిద్దుకునే టైం ఉండకపోవచ్చు.