తాచు కాటుకు నియోస్టిగ్మిన్ ఎందుకు ఇస్తారు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి, తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పట్టణం దాటితే వరి పొలాలే. వానాకాలం వచ్చిందంటే పాముకాట్లు పెరుగుతాయి.

ఇక్కడి విషసర్పాల్లో తాచు, కట్లపాము ముఖ్యమైనవి. కట్లపామును స్థానికులు కరైత్ అంటారు. ఈ రెండింటి విషమూ నరాలకు, కండరాలకు మధ్య సంబంధాన్ని దెబ్బతీస్తుంది. మొదట కనురెప్పలు వాలిపోతాయి. తర్వాత మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. ఇలాంటి రోగికి పాము విషానికి విరుగుడైన యాంటీవీనమ్‌తో పాటు డాక్టర్లు నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

కండరానికి కబురు ఎలా అందుతుంది?

నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది కండరం మీది గ్రాహకాలకు అతుక్కుంటే కండరం ముడుచుకుంటుంది. పని పూర్తికాగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ రసాయనాన్ని విడగొడుతుంది. ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విడగొట్టగలదు.

తాచు విషం కండరం మీది గ్రాహకాలను ఆక్రమిస్తుంది. కబురు వచ్చినా దిగడానికి చోటుండదు. నియోస్టిగ్మిన్ ఆ ఎంజైమును కొంతసేపు అడ్డుకుంటుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ పోగుపడి, గ్రాహకాల కోసం విషంతో గట్టిగా పోటీపడుతుంది. వాలిన రెప్పలు మళ్లీ లేవడం మొదలవుతుంది.

కట్లపాము విషం అలా కాదు. అది ప్రధానంగా నరం చివరనే పాడుచేస్తుంది. కబురే బయలుదేరనప్పుడు దాన్ని నిలబెట్టే మందుతో పెద్దగా ఫలితం ఉండదు. కొన్ని మోతాదుల తర్వాత కూడా మార్పు లేకపోతే డాక్టర్లు నియోస్టిగ్మిన్ ఆపేసి, కృత్రిమ శ్వాస మీద ఆధారపడతారు.

అట్రోపిన్ తోడు

ఎసిటైల్‌కోలిన్ పని కండరాలతోనే ఆగదు. అది ఎక్కువైతే గుండె వేగం తగ్గుతుంది, లాలాజలం, శ్వాసనాళాల్లో స్రావాలు పెరుగుతాయి. అక్కడి గ్రాహకాలు వేరే రకానివి. అట్రోపిన్ వాటిని మాత్రమే మూసివేస్తుంది. అందుకే నియోస్టిగ్మిన్‌కు ముందుగా అట్రోపిన్ ఇస్తారు.

అదే ఎంజైమ్, మితి మీరితే

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు కూడా ఇదే ఎంజైమును అడ్డుకుంటాయి. కానీ వాటి పట్టు తేలిగ్గా వదలదు. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, చెమటలు పడతాయి, ఊపిరితిత్తుల్లో ద్రవం చేరుతుంది. కండరాలు మొదట అదిరి, తర్వాత చచ్చుబడతాయి. కబురు అందకపోయినా, ఆగకుండా అందుతున్నా చివరికి ఆగేది ఊపిరే.

వరంగల్ మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు 8,040 మంది పురుగుమందుల విషప్రభావంతో చేరారు. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. 2002 నాటి మరణాల్లో ఏ మందో తెలిసిన వాటిలో ఎక్కువ భాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణం. వీటిలో ఎండోసల్ఫాన్ ఆర్గానోఫాస్ఫేట్ కాదు.

ఆర్గానోఫాస్ఫేట్ విషానికి చికిత్సలో అట్రోపిన్‌దే మొదటి స్థానం. ఊపిరితిత్తులు తేటపడేదాకా దాన్ని ఇస్తూ పోతారు. అయితే చచ్చుబడిన కండరాలను అది లేపలేదు. అందుకే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి త్వరగా చేరడం ముఖ్యం.

గుర్తుంచుకోవాల్సినవి

పాము కరిచిన చోట కోయకూడదు, తాడుతో బిగించకూడదు. కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కట్లపాము కాటుకు నొప్పి, గాటు లేకపోవచ్చు. నేల మీద పడుకున్నవారికి తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం కనిపిస్తే అనుమానించాలి. మందు పిచికారీ చేస్తుండగా ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి. ఆ డబ్బాను డాక్టరుకు చూపాలి. మనసు కుంగిపోయి ప్రాణం తీసుకోవాలనిపిస్తే 14416 (టెలి మానస్)కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.